'ఫస్ట్ డివిజన్' మొదటిది కానప్పుడు: స్కాట్లాండ్ కింది అంచెల ఫుట్‌బాలర్ కెరీర్‌ను ఎలా చదవాలి?

2025 నవంబర్ 18న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో డెన్మార్క్‌ను 4-2తో ఓడించి స్కాట్లాండ్ పురుషుల జట్టు 2026 ప్రపంచకప్‌లో చోటు దక్కించుకుంది. 1998 తర్వాత వాళ్లకు ఆ యోగం పట్టడం ఇదే. కెప్టెన్ ఆండీ రాబర్ట్‌సన్ మన దగ్గర లివర్‌పూల్ ఆటలు చూసేవాళ్లందరికీ తెలిసినవాడే. ఆ రోజు రెండో గోలు కొట్టిన లారెన్స్ షాంక్లండ్ అంతగా తెలియకపోవచ్చు. అతని వివరాలు వెతికినవాళ్లకు ఒక సంగతి వింతగా తోచి ఉంటుంది. 2012-13 సీజన్‌లో ఈ ఇద్దరూ క్వీన్స్ పార్క్ అనే క్లబ్బుకు కలిసి ఆడారు. ఆ క్లబ్బు అప్పుడు నాలుగో అంచెలో, అంటే లీగ్ వ్యవస్థలో అట్టడుగున ఉంది. పైగా అప్పట్లో ఆటగాళ్లకు జీతమే ఇచ్చేది కాదు. రాబర్ట్‌సన్ ఆ రోజుల్లో ఇదే హాంప్‌డెన్‌లో ఫోన్లు ఎత్తి టికెట్లు అమ్మేవాడు. చేతిలో డబ్బు లేదని, ఉద్యోగం కావాలని సోషల్ మీడియాలో వాపోయాడు కూడా.

ఇది పైకి ఎక్కినవాళ్ల కథ. వినడానికి బాగుంటుంది కాబట్టి పదేపదే వింటాం. ఆ సీజన్‌లో అదే డివిజన్‌లో ఆడిన మిగతావాళ్లలో అత్యధికులు ఎక్కలేదు. పదిహేనేళ్లపాటు ఆరేడు క్లబ్బులు మారి, ఒకటి రెండు పతకాలు గెలిచి, మోకాళ్లు అరిగి ఆట మానుకున్నారు. అలాంటివారి వివరాలు చూస్తే ఊళ్ల పేర్లు, అంకెలు, అర్థం కాని డివిజన్ల పేర్లు ఒక పట్టికలో కనిపిస్తాయి. 'పైకి రాలేకపోయాడు' అని ఒక్క మాటతో తేల్చేయడం తేలిక. అయితే ఆ పట్టికలోని మాటలు చాలావరకు మనం అనుకునే అర్థంలో వాడినవి కావు. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. ఉదాహరణగా రిటైరైన ఒక స్ట్రైకర్‌ను తీసుకుందాం. అతని పేరు కెన్నీ డ్యూకర్. వృత్తిరీత్యా డాక్టరు.

పేర్లు మారినా మెట్లు నాలుగే

ప్రస్తుతం స్కాటిష్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 42 క్లబ్బులు ఉన్నాయి. పైన ప్రీమియర్‌షిప్‌లో 12, దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో పదేసి చొప్పున. సెల్టిక్, రేంజర్స్ ఆడేది సాధారణంగా ప్రీమియర్‌షిప్‌లో. కింది మూడింటినీ కలిపి 'లోయర్ లీగ్స్' అంటారు. ఈ వ్యాసంలో కింది అంచెలు అన్నప్పుడల్లా ఇవే.

చిక్కు పేర్లలో ఉంది. ఈ నాలుగు పేర్లు 2013 నుంచి మాత్రమే వాడుకలో ఉన్నాయి. అంతకు ముందు కింది మూడింటికీ ఫస్ట్ డివిజన్, సెకండ్ డివిజన్, థర్డ్ డివిజన్ అని పేర్లు. అంటే 2007లో ఎవరైనా 'ఫస్ట్ డివిజన్ గెలిచాడు' అంటే రెండో అంచె గెలిచాడని అర్థం. 1975కు ముందు అదే మాటకు దేశంలో అగ్రశ్రేణి అని అర్థం. ఇప్పటి 'లీగ్ వన్' మూడో అంచె. ఒకే కుటుంబంలో తాత 1970లోనూ, తండ్రి 1990లోనూ ఫస్ట్ డివిజన్‌లో ఆడి, మనవడు ఇప్పుడు లీగ్ వన్‌లో ఆడుతున్నాడనుకోండి. ముగ్గురికీ 'ఒకటి' అన్న అంకె ఉంది. ఆడింది మాత్రం వరుసగా ఒకటి, రెండు, మూడు అంచెల్లో. ఇంతకంటే గందరగోళంగా పెట్టాలన్నా కుదరదేమో! అందుకే పాత ఆటగాడి వివరాల్లో డివిజన్ పేరు కంటే ముందు సంవత్సరం చూడాలి.

రెండో చిక్కు పతనం. చాలాకాలం పాటు అట్టడుగు డివిజన్ నుంచి కిందకు పడటం అనేది లేనే లేదు. ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అనే క్లబ్బు 2003 నుంచి 2007 వరకు వరుసగా ఐదు సీజన్లు చిట్టచివరి స్థానంలో నిలిచింది. 2003-04లో 36 మ్యాచ్‌లు ఆడి తెచ్చుకున్నది 8 పాయింట్లు. అయినా మరుసటి ఏడు అదే డివిజన్‌లో ఉంది. 2014-15 నుంచి పద్ధతి మారింది. లీగ్ టూలో ఆఖరున నిలిచిన జట్టు ఐదో అంచెలోని హైలాండ్, లోలాండ్ లీగుల విజేతల్లో నెగ్గిన జట్టుతో ప్లేఆఫ్ ఆడాలి. ఓడితే 42 క్లబ్బుల జాబితా నుంచి బయటికే. 2016లో తొలిసారి అలా బయటపడింది ఈస్ట్ స్టర్లింగ్‌షైరే. తర్వాత బెరిక్ రేంజర్స్, బ్రీకిన్ సిటీ, కౌడెన్‌బీత్, ఆల్బియన్ రోవర్స్ అదే దారి పట్టాయి. ఆటగాడి కోణం నుంచి చూస్తే ఈ మార్పు చిన్నది కాదు. 2005లో చివరి స్థానంలో ఉన్న జట్టు డిఫెండరుకు ఏప్రిల్ నెల నిశ్చింతగా గడిచేది. 2019లో అదే స్థానంలో ఉన్నవాడికి మే నెలలో రెండు మ్యాచ్‌లతో వచ్చే ఏడాది ఒప్పందం ఉంటుందా, ఊడుతుందా అన్నది తేలిపోయేది.

మంగళవారం, గురువారం, శనివారం

కింది అంచెల ఆటగాళ్లలో ఎక్కువమంది పార్ట్ టైమ్. మామూలు ఉద్యోగం ఒకటి ఉంటుంది. మంగళ, గురువారాల్లో సాయంత్రం సాధన, శనివారం మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్. ఆర్బ్రోత్ వింగర్‌గా పేరు తెచ్చుకున్న బాబీ లిన్ చెత్త సేకరించే బండి మీద పనిచేస్తూ ఆడాడు. పీటర్‌హెడ్‌కు లెక్కలేనన్ని గోల్స్ సాధించిపెట్టిన రోరీ మెకాలిస్టర్ ప్లంబర్.

మన పాఠకులు ఇక్కడ ఒక పొరపాటు పడే అవకాశం ఉంది. మనకు ఉద్యోగం, ఆట కలిసి ఉండటం కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును గుర్తుచేసుకోండి. అయితే అక్కడ ఆటగాడికి ఉద్యోగం ఇచ్చిందీ, ఆడించిందీ ఒకే సంస్థ. బాగా ఆడితే ఉద్యోగం నిలుస్తుంది. స్కాట్లాండ్‌లో ఆ రెంటికీ సంబంధం లేదు. యజమానికి ఫుట్‌బాల్‌తో పనిలేదు, క్లబ్బుకు ఉద్యోగంతో పనిలేదు. మధ్యలో సర్దుకోవాల్సింది ఆటగాడే.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. పీటర్‌హెడ్ ఈశాన్య తీరంలోని చేపల రేవు. స్ట్రాన్‌రార్ నైరుతి మూలన ఉంది. మధ్య దూరం రోడ్డు మీద 400 కిలోమీటర్లకు పైనే. రెండు క్లబ్బులూ ఒకే డివిజన్‌లో ఉంటే, పది జట్లు ఒక్కొక్కటీ మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు తలపడతాయి కాబట్టి, ఏడాదికి రెండుసార్లు ఈ ప్రయాణం తప్పదు. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే 27 ఏళ్ల డిఫెండర్ శనివారం తెల్లవారుజామున బస్సెక్కితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. చలికాలంలో మైదానం గడ్డకట్టి మ్యాచ్ వాయిదా పడితే అది ఏ మంగళవారం రాత్రికో మారుతుంది. అప్పుడు ఉద్యోగానికి సెలవు పెట్టాలి.

ఇతనికి ఒక పై డివిజన్ క్లబ్బు నుంచి ఫుల్ టైమ్ పిలుపు వచ్చిందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఉద్యోగంలో జీతం 100 అనుకుందాం, ఇప్పటి క్లబ్బు ఇచ్చేది 30. కొత్త క్లబ్బు ఇస్తానన్నది 120, ఒప్పందం రెండేళ్లు. వెళితే నెలనెలా 10 తగ్గుతుంది. రెండేళ్ల తర్వాత 29 ఏళ్ల వయసులో ఒప్పందం పొడిగించకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. చీలమండ విరిగితే ఆ రెండేళ్లు కూడా గ్యారంటీ లేదు. ఈ అంకెలు నేను కల్పించినవే. లెక్క తీరు మాత్రం నిజమైనదే. 'ఇంత బాగా ఆడేవాడు పైకి ఎందుకు వెళ్లలేదు?' అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు కాళ్లలో కాక ఇంటి బడ్జెట్‌లో దొరుకుతుంది.

కొన్ని క్లబ్బుల్లో ఆ 30 కూడా ఉండేది కాదు. ఈ శతాబ్దం మొదటి దశకంలో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ ఆటగాళ్లకు వారానికి 10 పౌండ్లు ఇచ్చిన కాలం ఉంది. బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప.

డ్యూకర్, గ్రెట్నా: ఒకే కెరీర్‌లో అన్ని మెట్లూ

కెన్నీ డ్యూకర్ 1980లో స్టర్లింగ్‌లో పుట్టాడు. వైద్యం చదివి డాక్టరయ్యాడు. ఫాల్కిర్క్, ఈస్ట్ ఫైఫ్ క్లబ్బులకు ఆడాక 2004లో గ్రెట్నా చేరాడు. తర్వాత అతని జాబితాలో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ టౌన్, స్కాట్లాండ్‌లో సెయింట్ జాన్‌స్టన్, అమెరికాలో రియల్ సాల్ట్ లేక్, మళ్లీ స్వదేశంలో లివింగ్‌స్టన్ కనిపిస్తాయి. ఒక టీవీ ఫుట్‌బాల్ కార్యక్రమంలో వ్యాఖ్యాత జెఫ్ స్టెల్లింగ్ అతను గోలు కొట్టినప్పుడల్లా 'గుడ్ డాక్టర్' అని ముచ్చటగా చెప్పడంతో, ఆ డివిజన్ ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా అతని పేరు తెలిసింది.

ఇతని కెరీర్ అర్థం కావాలంటే గ్రెట్నా సంగతి తెలియాలి. ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న గ్రెట్నాలో జనాభా మూడు వేల లోపే. ఇళ్లలో ఒప్పుకోని జంటలు ఇంగ్లండ్ నుంచి పారిపోయి వచ్చి పెళ్లి చేసుకునే చోటుగా పక్కనున్న గ్రెట్నా గ్రీన్‌కు ఎప్పటినుంచో పేరు. ఇక్కడి క్లబ్బు దశాబ్దాలు ఇంగ్లండ్ చిన్న లీగుల్లో ఆడింది. 2002లో ఎయిర్‌డ్రీయోనియన్స్ క్లబ్బు దివాలా తీసి మూతపడటంతో స్కాటిష్ లీగ్‌లో ఒక ఖాళీ వచ్చింది. ఓటింగ్‌లో ఆ చోటు గ్రెట్నాకు దక్కింది. బ్రూక్స్ మైల్సన్ అనే వ్యాపారి డబ్బు కుమ్మరించాడు. అట్టడుగు డివిజన్‌లో మిగతా జట్లన్నీ సాయంత్రాలు సాధన చేస్తుంటే గ్రెట్నా పగటిపూట సాధన చేసే ఆటగాళ్లను తెచ్చుకుంది.

ఫలితం 2004-05లో కనిపించింది. 36 మ్యాచ్‌లలో 98 పాయింట్లు, 130 గోల్స్. ఆ ఒక్క సీజన్‌లో డ్యూకర్ ఆరు హ్యాట్రిక్‌లు (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) కొట్టి జిమ్మీ గ్రీవ్స్ పేరిట ఉన్న బ్రిటిష్ రికార్డును సమం చేశాడు. గ్రీవ్స్ ఆ ఆరు హ్యాట్రిక్‌లు కొట్టింది 1960-61లో చెల్సీ తరఫున, ఇంగ్లండ్ అగ్రశ్రేణిలో. డ్యూకర్ కొట్టింది స్కాట్లాండ్ నాలుగో అంచెలో. రికార్డు పుస్తకంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇక్కడే అభిప్రాయాలు చీలతాయి. వారానికి 10 పౌండ్ల వాళ్ల మీద, అలసిపోయి వచ్చిన ప్లంబర్ల మీద లక్షాధికారి జట్టు గోల్స్ వర్షం కురిపించడంలో గొప్పేముంది అన్నది ఒక వాదన. అదే డివిజన్‌లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ కూడా ఉందని గుర్తుంచుకుంటే ఆ మాట కొట్టిపారేయలేం. డబ్బున్న జట్లు చాలా వచ్చాయి, వాటి స్ట్రైకర్లందరూ ఆరు హ్యాట్రిక్‌లు కొట్టలేదు కదా అన్నది రెండోది. నా మటుకు రెండో వాదనకే కొంచెం మొగ్గు. ఎందుకంటే మరుసటి ఏడాది గ్రెట్నా పరీక్షకు నిలబడింది.

2006 మే 13న స్కాటిష్ కప్ ఫైనల్. అప్పటికి గ్రెట్నా మూడో అంచె జట్టు. ఆ అంచె నుంచి ఫైనల్ చేరిన జట్టు అంతకు ముందు లేదు. ఎదుట ఎడిన్‌బరో నుంచి హార్ట్స్. హాంప్‌డెన్‌లో 51 వేల మందికి పైగా జనం, అంటే గ్రెట్నా ఊరి జనాభాకు పదిహేడు రెట్లు. రూడీ స్కాసెల్ గోలుతో హార్ట్స్ ముందంజ వేసింది. రెండో అర్ధభాగంలో ర్యాన్ మెక్‌గఫీ పెనాల్టీని గోల్‌కీపర్ ఆపినా, తిరిగొచ్చిన బంతిని అతనే లోపలికి కొట్టాడు. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. చివరికి పెనాల్టీల్లో 4-2తో హార్ట్స్ గెలిచింది. హార్ట్స్ అప్పటికే చాంపియన్స్ లీగ్ అర్హత పోటీలకు వెళుతుండటంతో ఓడిన గ్రెట్నాకు యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఏఫా కప్‌లో ఆడే అవకాశం దక్కింది. మూడు వేల మంది ఊరు యూరప్ పోటీలో ఆడింది. ఐర్లండ్ లీగ్‌కు చెందిన డెర్రీ సిటీ చేతిలో తొలి మ్యాచ్‌లోనే 5-1తో చిత్తయింది, అది వేరే సంగతి.

2007 ఏప్రిల్‌లో ఫస్ట్ డివిజన్ ఆఖరి రోజు. డింగ్‌వాల్‌లో రాస్ కౌంటీపై జేమ్స్ గ్రేడీ అదనపు నిమిషాల్లో కొట్టిన గోలుతో గ్రెట్నా 3-2తో గెలిచి టైటిల్ ఎగరేసుకుపోయింది. మూడేళ్లలో మూడు డివిజన్లు. అప్పటి అగ్రశ్రేణి అయిన స్కాటిష్ ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి సొంత మైదానం రేడేల్ పార్క్ నిబంధనలకు సరిపోలేదు. ఇంటి మ్యాచ్‌లు వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని మదర్‌వెల్ మైదానంలో ఆడాల్సి వచ్చింది. మైల్సన్ జబ్బుపడ్డాడు, డబ్బు ఆగింది. 2008 మార్చిలో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అంటే అప్పులు తీర్చలేక బయటి అధికారి చేతుల్లోకి వెళ్లడం. దానికి శిక్షగా 10 పాయింట్లు కోత. ఏప్రిల్‌లో ఇన్వర్‌నెస్‌తో మ్యాచ్ చూడటానికి వచ్చినవారు 431 మంది. ఆ వేసవిలో క్లబ్బు కనుమరుగైంది. నవంబర్‌లో మైల్సన్ చనిపోయాడు. అభిమానులు 'గ్రెట్నా 2008' పేరుతో కొత్త క్లబ్బు పెట్టుకుని మళ్లీ కింది నుంచి మొదలుపెట్టారు.

ఇప్పుడు డ్యూకర్ జాబితాకు తిరిగి రండి. నార్తాంప్టన్, సెయింట్ జాన్‌స్టన్‌లకు లోన్ మీద, అంటే తాత్కాలికంగా వెళ్లడం, తర్వాత ఏకంగా అమెరికాకు ప్రయాణం, మళ్లీ వెనక్కి. వెనకాల క్లబ్బు ఎలా ఎదిగి ఎలా కూలిందో తెలియనివాళ్లకు ఇది నిలకడలేనివాడి తిరుగుడులా కనిపిస్తుంది. కింది అంచెల్లో క్లబ్బులు మారడానికి ఆటగాడి ఇష్టం ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు అతని కాళ్ల కింద క్లబ్బే మారిపోతుంది.

పట్టిక లెక్కించనివి

ఆటగాళ్ల వివరాల్లో సాధారణంగా ఉండే రెండు నిలువు వరుసలు ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్. ఆ లెక్కలో దేశీయ లీగ్ మ్యాచ్‌లు మాత్రమే చేరుస్తారు. కప్ మ్యాచ్‌లు, ప్లేఆఫ్‌లు, యూరప్ పోటీలు చేరవు. అంటే డ్యూకర్ ఆడిన స్కాటిష్ కప్ ఫైనల్, అతని కెరీర్‌లో అత్యధిక జనం చూసిన మ్యాచ్‌లలో ఒకటి, ఆ అంకెల్లో ఎక్కడా లేదు. ఒక ఫిబ్రవరి సాయంత్రం మూడు వందల మంది ముందు ఆడిన లీగ్ మ్యాచ్ మాత్రం ఉంది. ఇది తప్పు కాదు, లెక్కకు పెట్టుకున్న ఒక పద్ధతి. తెలియకపోతే మాత్రం తప్పుదారి పట్టిస్తుంది.

లోన్ అంటే ఆటగాడి ఒప్పందం సొంత క్లబ్బుతోనే ఉండి, కొన్ని నెలలు ఇంకో క్లబ్బుకు ఆడటం. పట్టికలో దాన్ని ఒక బాణం గుర్తుతో చూపిస్తారు. 19 ఏళ్లవాడికి లోన్ అంటే పెద్దవాళ్ల మధ్య ఆడి రాటుదేలే అవకాశం. 29 ఏళ్లవాడికి అదే లోన్ అంటే 'నువ్వు మాకు అక్కర్లేదు, జీతంలో సగం వేరేవాళ్లు భరిస్తే మేలు' అని క్లబ్బు మర్యాదగా చెప్పడం. బాణం గుర్తు మాత్రం ఇద్దరికీ ఒకటే.

నాకు బాగా నచ్చే విచిత్రం ఇంకొకటి ఉంది. స్కాట్లాండ్ కింది డివిజన్లలో ఒప్పందం లేని ఆటగాణ్ని పరీక్షించడానికి నేరుగా లీగ్ మ్యాచ్‌లోనే దించే వెసులుబాటు ఉంది. జట్టు జాబితాలో అతని పేరు ఉండదు. 'ఎ. ట్రయలిస్ట్' అని ఉంటుంది. పత్రికల్లోనూ అదే వస్తుంది. ఈ ట్రయలిస్ట్ అప్పుడప్పుడూ గోల్స్ కొడతాడు, పసుపు కార్డులూ చూస్తాడు. దేశంలో అన్ని క్లబ్బులకూ ఆడిన ఏకైక ఆటగాడు అతనే అని అభిమానుల మధ్య ఒక హాస్యోక్తి. క్లబ్బు లేక నెలలు గడిపిన ఒక ముప్పై ఏళ్ల ఆటగాడు శనివారం పేరు లేకుండా ఆడి సోమవారం ఉద్యోగానికి వెళ్లాడంటే, పట్టికలో అది ఖాళీగానే కనిపించవచ్చు.

ఫుల్ టైమ్ మేలా, పార్ట్ టైమ్ మేలా?

ఈ వాదన స్కాట్లాండ్‌లో ఏళ్లుగా నడుస్తోంది. రెండు వైపులా గట్టి ఉదాహరణలు ఉన్నాయి.

పార్ట్ టైమ్ వాదులు చూపించేది ఆర్బ్రోత్‌ను. ఉత్తర సముద్రం పక్కనే, అలలు గోడను తాకేంత దగ్గర్లో ఉండే గేఫీల్డ్ ఈ క్లబ్బు మైదానం. 1885లో బాన్ అకార్డ్‌ను 36-0తో ఓడించిన చరిత్ర ఈ క్లబ్బుది. డిక్ క్యాంప్‌బెల్ శిక్షణలో 2017లో లీగ్ టూ, 2019లో లీగ్ వన్ గెలిచింది. 2021-22లో ఫుల్ టైమ్ జట్లతో నిండిన చాంపియన్‌షిప్‌లో చివరి వారాల దాకా టైటిల్ పోరులో ఉంది. ఏప్రిల్‌లో కిల్‌మార్నాక్ సొంతగడ్డపై 2-1తో ఆర్బ్రోత్‌ను ఓడించి కిరీటం పట్టుకుపోయింది. ఆర్బ్రోత్ రెండో స్థానంలో నిలిచి, ప్లేఆఫ్ సెమీఫైనల్లో ఇన్వర్‌నెస్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే జట్టు అగ్రశ్రేణి గుమ్మం దాకా వచ్చింది. ఉద్యోగం వల్ల ఆటగాడికి భద్రత ఉంటుంది, ఓటమి వచ్చినా ఇల్లు గడుస్తుంది, అనుభవమున్న ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటారు అన్నది వీళ్ల మాట.

ఫుల్ టైమ్ వాదులు చూపించేది క్వీన్స్ పార్క్‌ను. 1867లో పుట్టిన ఈ క్లబ్బు స్కాట్లాండ్‌లో అన్నిటికంటే పాతది. ఆట కోసమే ఆడాలన్నది దాని లాటిన్ నినాదం. 2019 నవంబర్ దాకా జీతం ఇవ్వకుండానే నడిచింది. తీర్చిదిద్దిన కుర్రాళ్లు పరిహారం కూడా రాకుండా వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఆ ఏడాది సభ్యులు ఓటు వేసి అమెచ్యూర్ హోదా వదులుకున్నారు. తర్వాత 2021లో లీగ్ టూ గెలిచింది, 2022లో చాంపియన్‌షిప్ చేరింది, 2023లో ఆఖరి రోజు డండీ చేతిలో 5-3తో ఓడి టైటిల్ చేజార్చుకుంది. 2025 ఫిబ్రవరిలో స్కాటిష్ కప్‌లో రేంజర్స్‌ను వాళ్ల ఐబ్రాక్స్‌లోనే 1-0తో ఓడించింది.

అయితే రెండు వాదనలకూ రెండో ముఖం ఉంది. ఆర్బ్రోత్ 2024లో లీగ్ వన్‌కు పడిపోయి, మరుసటి ఏడాది మళ్లీ పైకి రావాల్సి వచ్చింది. ఇక ఫుల్ టైమ్‌కు మారడం ఎంత ప్రమాదమో గ్రెట్నాను చూస్తే తెలుస్తుంది. టికెట్ల మీద వచ్చే ఆదాయంతో కాక ఒక మనిషి జేబుతో నడిచే జీతాలు ఆ మనిషితోనే ఆగిపోతాయి. నా ఉద్దేశంలో ఈ చర్చలో క్లబ్బు గురించి మాట్లాడినంతగా ఆటగాడి గురించి మాట్లాడరు. క్లబ్బు ఫుల్ టైమ్‌కు మారినప్పుడు మంచి ఉద్యోగం ఉన్న 30 ఏళ్ల ఆటగాడు క్లబ్బునైనా వదలాలి, ఉద్యోగాన్నైనా వదలాలి.

దీనికి తోడు కుర్రాళ్ల ప్రశ్న ఒకటి. పెద్ద క్లబ్బులు తమ యువ జట్లను కింది అంచెల్లో ఆడించాలని కోరుకుంటున్నాయి. 2021-22 నుంచి రేంజర్స్, సెల్టిక్‌ల 'బి' జట్లు ఐదో అంచె లోలాండ్ లీగ్‌లో అతిథులుగా దిగాయి. వాటికి పైకి వెళ్లే హక్కు లేదు. వాటికోసం కొత్త అంచె పెడదామన్న 2023 నాటి ప్రతిపాదన చిన్న క్లబ్బుల వ్యతిరేకతతో ఆగిపోయింది. దేశపు జట్టు బాగుపడాలంటే 18 ఏళ్లవాడు తోటి కుర్రాళ్లతో కాక మగాళ్లతో ఆడాలని ఒక పక్షం అంటుంది. వందేళ్ల ఊరి క్లబ్బు వేరొకరి శిక్షణ మైదానం కాదని రెండో పక్షం అంటుంది. రాబర్ట్‌సన్ ఉదాహరణను ఇద్దరూ వాడుకుంటారు! కింది అంచెలోనే రాటుదేలాడని మొదటివాళ్లు, సెల్టిక్ వద్దన్న కుర్రాణ్ని ఎదిగించింది స్వతంత్ర క్లబ్బే అని రెండోవాళ్లు.

ఆట ఆగాక

పూర్వం ఒకే క్లబ్బుకు పదేళ్లు ఆడినవాడికి 'టెస్టిమోనియల్' ఇచ్చే సంప్రదాయం ఉండేది. అతని గౌరవార్థం ఒక మ్యాచ్ పెట్టి, వచ్చిన డబ్బు అతనికే ఇస్తారు. ఇప్పటికీ ఉంది, కానీ ఏడాది, రెండేళ్ల ఒప్పందాల కాలంలో ఒకేచోట పదేళ్లు గడిపేవాళ్లు అరుదైపోయారు. కింది అంచెల్లో ఆ మ్యాచ్ సొమ్ముతో జీవితం స్థిరపడదు. ఉద్యోగం ఉన్నవాడు ఉద్యోగంలోనే కొనసాగుతాడు. ఈ విషయంలో పార్ట్ టైమ్ ఆటగాడు ఫుల్ టైమ్ వాడికంటే నయం. 35 ఏళ్లకు అతనికి అకస్మాత్తుగా ఖాళీ అయ్యేది వారానికి మూడు పూటలే.

శరీరం సంగతి వేరు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో డాక్టర్ విల్లీ స్టీవర్ట్ నాయకత్వంలో ఒక అధ్యయనం వెలువడింది. 1900 నుంచి 1976 మధ్య పుట్టిన 7,676 మంది మాజీ స్కాటిష్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులను, అదే వయసు, అదే తరహా నేపథ్యం ఉన్న సుమారు 23 వేల మంది సామాన్యులతో పోల్చారు. మతిమరుపు జబ్బుల వంటి నాడీ క్షీణత వ్యాధులతో చనిపోయే అవకాశం ఆటగాళ్లలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో గుండెజబ్బుతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడం ఆటగాళ్లలో తక్కువ అని కూడా తేలింది. పత్రికల శీర్షికల్లో ఈ రెండో సగం చాలాచోట్ల రాలేదు. 2021లో వచ్చిన కొనసాగింపులో ముప్పు ఆడే స్థానాన్ని బట్టి మారింది. డిఫెండర్లలో దాదాపు ఐదు రెట్లు. గోల్‌కీపర్లలో సామాన్యులతో పెద్దగా తేడా లేదు. తలతో బంతిని కొట్టడమే కారణమన్న అనుమానానికి ఇది బలమిచ్చింది. రుజువు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. పైగా లెక్కలోకి వచ్చిన చాలామంది పాత తరంవారు, వాళ్ల బంతులు వేరు, వైద్యం వేరు.

2022 నవంబర్‌లో స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం మ్యాచ్‌కు ముందురోజు, మర్నాడు సాధనలో తలతో బంతి కొట్టించవద్దని ప్రొఫెషనల్ క్లబ్బులకు చెప్పింది. పదేపదే తలతో కొట్టే సాధన వారానికి ఒకసారికి మించవద్దని కూడా సూచించింది. మొదటి నియమాన్ని పార్ట్ టైమ్ ఆటగాడి వారంలో పెట్టి చూడండి. అతని మ్యాచ్ శనివారం. శుక్రవారం, ఆదివారం అతనికి సాధనే లేదు. మంగళ, గురువారాలు నిషేధంలోకి రావు. శనివారం ఒక్క మ్యాచే ఉన్న వారంలో ఆ నియమం అతని దినచర్యలో మార్చేదేమీ లేదు. మంగళవారం రాత్రి వాయిదా మ్యాచ్ పడినప్పుడు కూడా అంతే. మొదటి నియమం రోజూ సాధన చేసేవాళ్లకే పనికొస్తుంది. కింది అంచెల డిఫెండరుకు నిజంగా తగిలేది రెండోది, అదీ సూచన మాత్రమే. కోచ్‌కు వారానికి ఉన్నదే రెండు సాయంత్రాలు, శనివారానికి కార్నర్ కిక్కులు సాధన చేయించాల్సిందీ ఆ రెండింటిలోనే.